జట్టు ఎవరిది? కాన్సస్ సిటీ బేస్‌బాల్ కథ

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, కాన్సస్ సిటీలో 22వ వీధి, బ్రూక్లిన్ అవెన్యూ కలిసే చోట ఒకప్పుడు ఒక బేస్‌బాల్ స్టేడియం ఉండేది. 1923లో కట్టారు, 1976లో పడగొట్టారు. ఈలోగా దాని పేరు మూడుసార్లు మారింది. మొదట మ్యూల్‌బాక్ ఫీల్డ్. బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టి, ఊళ్లో పెద్ద హోటల్ నడిపిన జార్జ్ మ్యూల్‌బాక్ పేరది. 1937లో రూపర్ట్ స్టేడియం అయింది. రూపర్ట్‌దీ బీరు వ్యాపారమే గానీ ఆయన న్యూయార్క్ మనిషి, యాంకీస్ జట్టు ఓనరు. 1943లో అక్కడ ఆడే జట్టు పేరుతో బ్లూస్ స్టేడియం అన్నారు. చివరికి 1955లో ఊరి డబ్బుతో తిరిగి కట్టి మునిసిపల్ స్టేడియం అన్నారు. స్థానిక వ్యాపారి, పరాయి ఊరి కుబేరుడు, జట్టు, నగరపాలిక. కాన్సస్ సిటీ బేస్‌బాల్ చరిత్ర ఎవరెవరి చేతులు మారిందో ఈ నాలుగు పేర్లలోనే చాలావరకు ఉంది.

జెర్సీ మీద ఊరి పేరు ఉంటుంది, పత్రాలు మాత్రం ఓనరు బీరువాలో ఉంటాయి. అమెరికన్ ప్రొఫెషనల్ క్రీడల్లో జట్టంటే లీగ్‌లోని ఓనర్లంతా కలిసి ఇచ్చే ఒక హక్కు. దాన్ని కొనచ్చు, అమ్మచ్చు, మిగతా ఓనర్లు ఒప్పుకుంటే మూటగట్టుకుని ఇంకో ఊరికి పట్టుకుపోవచ్చు. ఐపీఎల్ చూసేవాళ్లకు ఇది అర్థం కావడం కష్టం కాదు. 2009లో కప్పు గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2012లో రద్దయిపోయింది. మరుసటి ఏడాది ఇంకో సంస్థ హైదరాబాద్ పేరుతో కొత్త జట్టును దింపింది. ఈ మార్పులో అభిమానులను అడిగినవాళ్లు లేరు. కాన్సస్ సిటీ ఈ బాధను ఒకసారి కాదు, చాలాసార్లు పడింది. ఒక్కోసారి ఒక్కో రకంగా పడింది.

తొలి రోజుల సంగతి త్వరగానే చెప్పేయచ్చు. 1884 నుంచి 1889 మధ్య కౌబాయ్స్ అనే పేరుతో జట్లు మూడు వేర్వేరు పెద్ద లీగుల్లో ఆడాయి. ఏదీ నిలవలేదు. 1914, 1915లో ఫెడరల్ లీగ్‌లో ప్యాకర్స్ అనే జట్టు ఉండేది. ఊళ్లోని మాంసం ప్యాకింగ్ పరిశ్రమ నుంచి వచ్చిన పేరది. లీగే మూతపడింది, దాంతో జట్టూ పోయింది. నిలకడగా నడిచింది బ్లూస్ ఒక్కటే. అది 1902 నుంచి 1954 దాకా మైనర్ లీగ్‌లో, అంటే రెండో అంచెలో ఆడింది.

1937లో రూపర్ట్ కొన్నాక బ్లూస్ యాంకీస్‌కు నారుమడిగా మారింది. కుర్రాళ్లను ఇక్కడ పెంచేవారు, చేతికి అందగానే న్యూయార్క్ పట్టుకెళ్లి నాటేవారు. ఫిల్ రిజ్జూటో ఇక్కడినుంచే వెళ్లాడు. 19 ఏళ్ల మిక్కీ మ్యాంటిల్‌ను 1951లో యాంకీస్ కొన్ని వారాలు ఇక్కడికి పంపి, ఫామ్‌లోకి రాగానే వెనక్కి పిలిపించుకుంది. ఆటగాడు బాగా ఆడితే ఊరికి దక్కడు, ఆడకపోతేనే మిగులుతాడు. బ్లూస్ అభిమానికి ఇది అలవాటైన విషయమే.

అదే మైదానంలో, అదే గడ్డి మీద, ఇంకో జట్టు అద్దెకు ఆడేది. దాని పేరు కాన్సస్ సిటీ మోనార్క్స్. ఈ ఊరి బేస్‌బాల్‌లో అన్నిటికంటే గొప్ప అధ్యాయం దానిదే.

ఆ కాలంలో మేజర్ లీగుల్లోకి, అంటే పై అంచెలోకి, నల్లజాతి ఆటగాళ్లను రానిచ్చేవారు కాదు. రూల్సు పుస్తకంలో ఎక్కడా రాసి ఉండదు, కానీ ఏ ఓనరూ దాటని గీత. 1920 ఫిబ్రవరి 13న కాన్సస్ సిటీలో పసేయో రోడ్డు మీద, నల్లవాళ్ల కోసం కట్టిన వైఎంసీఏ భవనంలో కొన్ని జట్ల యజమానులు సమావేశమయ్యారు. చికాగో నుంచి వచ్చిన రూబ్ ఫోస్టర్ ఒకప్పుడు గొప్ప పిచర్ (బంతి విసిరేవాడు), అప్పటికి ఒక జట్టుకి ఓనరూ మేనేజరూ. ఆయన నాయకత్వంలో అక్కడ నీగ్రో నేషనల్ లీగ్ పుట్టింది. ఆ పదాన్ని ఇప్పుడు మర్యాదస్తులెవరూ వాడరు. అయితే ఆనాటి లీగుల అధికారిక పేర్లు అవే కాబట్టి చరిత్ర చెప్పేటప్పుడు తప్పదు.

మోనార్క్స్ ఓనరు జె.ఎల్. విల్కిన్సన్. ఆ లీగ్‌లో చేరిన ఓనర్లలో ఆయనొక్కడే తెల్లవాడు. అంతకుముందు 'ఆల్ నేషన్స్' పేరుతో అన్ని జాతుల ఆటగాళ్లనూ ఒక జట్టులో కలిపి ఊరూరా తిప్పిన మనిషి. 1924లో నీగ్రో లీగుల మొట్టమొదటి వరల్డ్ సిరీస్, అంటే ఛాంపియన్‌ను తేల్చే ఆఖరి పోటీ, జరిగింది. ఫిలడెల్ఫియా పక్కనుంచి వచ్చిన హిల్‌డేల్ జట్టుతో పది ఆటలు ఆడాల్సి వచ్చింది, అందులో ఒకటి టై. ఆఖరి ఆటలో క్యూబా దేశస్థుడు, మోనార్క్స్ మేనేజరు కూడా అయిన హోసే మెండెజ్ వయసును లెక్కచేయకుండా తానే పిచింగ్‌కి దిగి ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వలేదు. మోనార్క్స్ 5-4తో సిరీస్ గెలిచింది.

18వ వీధి, వైన్ వీధి కలిసే ప్రాంతం అప్పట్లో నల్లజాతి కాన్సస్ సిటీకి గుండెకాయ. జాజ్ క్లబ్బులు, మంగలి దుకాణాలు, హోటళ్లు, పత్రికాఫీసులు అన్నీ అక్కడే. స్టేడియం అక్కడినుంచి నడిచివెళ్లే దూరం. ఆదివారం చర్చి అయ్యాక జనం అవే మంచి బట్టల్లో, టోపీలు, సూట్లు, పట్టు గౌన్లతో, నేరుగా ఆటకు వెళ్లేవారు. బ్లూస్ ఆడుతుంటే నల్లవాళ్లను విడిగా కూర్చోబెట్టేవారు. మోనార్క్స్ ఆడుతుంటే ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు. ఒకే స్టేడియం, ఒకే బెంచీలు. ఆడేది ఎవరన్నదాన్ని బట్టి ఊరి మర్యాదే మారిపోయేది.

1930లో విల్కిన్సన్ చేసిన పని బేస్‌బాల్ మొత్తాన్నే మార్చింది. ఆర్థిక మాంద్యం మొదలైంది. పగలు పని వదులుకుని ఆటకు వచ్చే స్తోమత జనానికి లేదు. ఆయన అప్పు తెచ్చి, లారీల మీద మడతపెట్టి తీసుకెళ్లే లైటు స్తంభాలు, జనరేటరు తయారుచేయించాడు. జట్టుతోపాటు వెలుతురు కూడా ఊరూరా తిరిగింది. జనరేటరు మోతకు ఆటగాళ్ల మాటలు ఒకరికొకరికి వినబడేవి కావు, ఎత్తుకు లేచిన బంతి చీకట్లో కలిసిపోయేది. అయినా జనం విరగబడి వచ్చారు. మేజర్ లీగుల్లో మొదటి రాత్రి ఆట 1935 మే 24న సిన్సినాటిలో జరిగింది. పెద్ద లీగులు ఐదేళ్లు వెనక ఉన్నాయి. ఇప్పుడు ఫ్లడ్‌లైట్ల కింద ఏ ఆట చూసినా విల్కిన్సన్ గుర్తుకురావాలి, కానీ బేస్‌బాల్ లోకం బయట ఆయన పేరు తెలిసినవాళ్లే అరుదు.

ఆ జట్టులో ఆడినవాళ్ల పేర్లు చెప్పుకుంటూ పోతే అదే ఒక వ్యాసం అవుతుంది. బుల్లెట్ రోగన్ పిచింగూ బ్యాటింగూ రెండూ సమంగా చేసేవాడు. సాచెల్ పేజ్ గురించి చెప్పే కథల్లో ఏది నిజమో ఏది అతిశయమో విడదీయడం కష్టం, కానీ ఆయన బంతి వేగం మాత్రం నిజం. 1938లో వచ్చిన ఫస్ట్ బేస్‌మన్ (మొదటి బేస్ దగ్గరి ఫీల్డరు) బక్ ఓనీల్ తర్వాత ఆ జట్టుకే మేనేజరయ్యాడు. 1942లో మోనార్క్స్ ఆనాటి మహా జట్టు హోమ్‌స్టెడ్ గ్రేస్‌ను వరల్డ్ సిరీస్‌లో ఒక్క ఆటా గెలవనివ్వలేదు.

1945లో నెలకు 400 డాలర్ల జీతానికి ఒక కొత్త షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల నడుమ ఫీల్డరు) చేరాడు. పేరు జాకీ రాబిన్సన్. ఆ ఆగస్టులో బ్రూక్లిన్ డాడ్జర్స్ పెద్ద బ్రాంచ్ రికీ అతణ్ని పిలిపించుకుని మాట్లాడాడు. 1947లో రాబిన్సన్ మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టి ఆ గీతను చెరిపేశాడు. ఇది అమెరికా చరిత్ర పాఠాల్లో ఉంటుంది. పాఠాల్లో అంతగా కనిపించనిది ఒకటుంది: రికీ మోనార్క్స్‌కి ఒక్క డాలరు కూడా ఇవ్వలేదు. నీగ్రో లీగుల కాంట్రాక్టులు అసలు కాంట్రాక్టులే కావన్నది అతని వాదన. విల్కిన్సన్ గొడవ పెట్టుకోలేదు. తన గొడవ వల్ల ఒక నల్లవాడి అవకాశం పోతే అంతకన్నా ఘోరం లేదని అతనికి తెలుసు. రాబిన్సన్ తర్వాత కొన్ని నెలలకే క్లీవ్‌లాండ్ ఓనరు బిల్ వీక్ లారీ డోబీని తీసుకున్నప్పుడు అతని నీగ్రో లీగ్ జట్టు న్యూవర్క్ ఈగిల్స్‌కి 15,000 డాలర్లు ఇచ్చాడు. అంటే డబ్బివ్వడం సాధ్యమే, మనసుంటే.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. వర్ణవివక్ష గోడ కూలడం న్యాయం, గొప్ప విజయం. అదే విజయం మోనార్క్స్‌ను చంపింది. నల్లజాతి అభిమానులు రాబిన్సన్‌ను చూడటానికి మేజర్ లీగ్ ఆటలకు వెళ్లడం మొదలుపెట్టారు. ఎల్‌స్టన్ హోవర్డ్, ఎర్నీ బ్యాంక్స్ లాంటి కుర్రాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నీగ్రో లీగుల నుంచి మేజర్ లీగులకు అందరికంటే ఎక్కువమందిని పంపింది మోనార్క్సే. జట్లనూ వాటి యజమానులనూ కలుపుకోకుండా ఆటగాళ్లను మాత్రమే ఏరుకోవడం వల్ల, నల్లవాళ్లు తమ చేతులతో కట్టుకున్న ఒక వ్యాపారం, దానిమీద బతికిన మేనేజర్లు, బస్సు డ్రైవర్లు, టికెట్లమ్మేవాళ్లు, 18వ వీధి హోటళ్లు అన్నీ దెబ్బతిన్నాయి. సమానత్వం వచ్చింది, దాని ఖర్చు మాత్రం ఒక్క పక్షమే కట్టింది. 1950ల నడుమ జట్టును అమ్మేశారు. కొత్త ఓనరు కాన్సస్ సిటీ పేరుతోనే మిషిగన్‌లో మకాం పెట్టి ఊరూరా ఆడించాడు. ఆ పేరున్న ఊళ్లో మాత్రం జట్టు లేదు.

మోనార్క్స్‌ను ఊరినుంచి వెళ్లగొట్టిన చివరి తోపు ఇంకొకటి ఉంది. 1955లో కాన్సస్ సిటీకి నిజమైన మేజర్ లీగ్ జట్టు వచ్చింది. చికాగో వ్యాపారి ఆర్నాల్డ్ జాన్సన్ ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌ను కొని ఇక్కడికి తరలించాడు. ఊరు బాండ్లు అమ్మి, ఒక్క చలికాలంలో పాత స్టేడియాన్ని దాదాపు కొత్తగా కట్టింది. ఏప్రిల్ 12న మొదటి ఆటకు, పక్కనే ఇండిపెండెన్స్‌లో ఉండే మాజీ అధ్యక్షుడు ట్రూమన్ వచ్చి తొలి బంతి విసిరాడు. ఆ ఏడాది 13 లక్షల మందికి పైగా వచ్చి చూశారు. జట్టు ఆరో స్థానంలో ఉన్నా జనం లెక్కచేయలేదు.

అయితే జాన్సన్‌కు యాంకీస్ ఓనర్లతో పాత వ్యాపార బంధం ఉంది. ఒక దశలో యాంకీ స్టేడియం కూడా ఆయన ఆస్తే, లీగ్ పట్టుబడితేనే అమ్ముకున్నాడు. తర్వాతి ఐదేళ్లలో కాన్సస్ సిటీలో మంచి ఆటగాడు కనబడితే చాలు, ఏదో ఒక ట్రేడ్‌లో (ఆటగాళ్ల మార్పిడిలో) న్యూయార్క్ చేరిపోయేవాడు. రాల్ఫ్ టెర్రీ అనే కుర్ర పిచర్‌ను యాంకీస్ 1957లో ఇక్కడికి పంపి, రెండేళ్లు ఆరితేరాక 1959లో తిరిగి తీసుకుంది. 1962 వరల్డ్ సిరీస్‌లో అతనే ఉత్తమ ఆటగాడు. 1959 డిసెంబరులో రోజర్ మారిస్ కూడా అదే దారిన వెళ్లాడు. రెండేళ్లలోపే, ఒకే సీజన్‌లో 61 హోమ్ రన్లు (బంతిని మైదానం దాటించే కొట్లు) కొట్టి పాత దిగ్గజం బేబ్ రూత్ రికార్డు బద్దలుకొట్టాడు, న్యూయార్క్ జెర్సీలో. మేజర్ లీగ్ హోదా వచ్చిందన్న మాటే గానీ, ఊరు మళ్లీ నారుమడే అయింది. మైనర్ లీగ్ రోజుల్లో కనీసం ఆ సంగతి బహిరంగంగా చెప్పేవారు.

1960లో జాన్సన్ చనిపోయాడు. ఇన్సూరెన్స్ వ్యాపారి చార్లీ ఫిన్లీ జట్టును కొన్నాడు. ఇక యాంకీస్‌తో బేరాలు బంద్ అని చాటడానికి ఒక పాత బస్సును న్యూయార్క్ దిక్కుగా నిలబెట్టి తగలబెట్టించాడు. ఆటగాళ్లకు ఆకుపచ్చ, బంగారు రంగు యూనిఫాంలు వేయించాడు. గాడిదజాతి మ్యూల్ ఒకదాన్ని తెచ్చి దానికి తన పేరే పెట్టాడు. అంపైర్‌కి కొత్త బంతులు అందించడానికి నేలలోంచి పైకొచ్చే యంత్రపు కుందేలును పెట్టించాడు. 1964లో బీటిల్స్‌కి 1,50,000 డాలర్లిచ్చి స్టేడియంలో కచేరీ పెట్టించాడు. వీటన్నిటిలోకీ మనసులో నిలిచేది 1965 సెప్టెంబరు 25. అప్పటికి 59 ఏళ్ల సాచెల్ పేజ్‌తో బోస్టన్ మీద పిచింగ్ చేయించాడు. టికెట్లు అమ్ముకోవడానికి చేసిన పనే. కానీ ఆ పెద్దాయన ఆటలోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో మూడు వేసి ఒకే ఒక్క హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) ఇచ్చాడు. ముప్ఫై ఏళ్లు ముందే ఈ అవకాశం రావలసిన మనిషి, మోనార్క్స్ ఆడిన అదే నేల మీద, చూపించాల్సింది చూపించి వెళ్లాడు.

ఇంత హడావుడి చేస్తూనే ఫిన్లీ లోపల ఇల్లు ఖాళీ చేసే ప్రయత్నంలో ఉన్నాడు. డల్లాస్ అన్నాడు, లూయీవిల్ అన్నాడు. మిగతా ఓనర్లు ఒప్పుకోలేదు. 1967 జూన్‌లో జాక్సన్ కౌంటీ (ఈ ఊరున్న జిల్లా లాంటిది) ఓటర్లు కొత్త స్టేడియాల కోసం 4.3 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటేసి సరేనన్నారు. ఊరు చేయగలిగిందంతా చేసింది. అయినా ఆ అక్టోబరులోనే ఓక్లాండ్ వెళ్లడానికి ఫిన్లీకి అనుమతి దొరికింది. కాన్సస్ సిటీలో ఆడిన 13 సీజన్లలో అథ్లెటిక్స్ ఒక్కసారి కూడా ఓటముల కంటే ఎక్కువ గెలుపులు చూడలేదు. ఓక్లాండ్‌లో 1972, 1973, 1974 వరసగా మూడేళ్లు వరల్డ్ సిరీస్ గెలిచింది. క్యాట్‌ఫిష్ హంటర్, రెజ్జీ జాక్సన్, సాల్ బాండో, బర్ట్ కాంపనెరిస్ అందరూ ఇక్కడే మొదలైనవాళ్లు. దున్నింది ఒకరు, పంట కోసుకున్నది ఇంకొకరు.

జట్టు వెళ్లిపోయినప్పుడు మిస్సోరి సెనేటర్ స్టూవర్ట్ సైమింగ్టన్ ఊరుకోలేదు. గుత్తాధిపత్య నిరోధక చట్టాల నుంచి బేస్‌బాల్‌కి ఉన్న మినహాయింపును పార్లమెంటులో ప్రశ్నిస్తానని బెదిరించాడు. ఓనర్లు దిగొచ్చి కొత్త జట్టు ఇస్తామన్నారు. 1971 దాకా ఆగమంటే కుదరదన్నాడు. 1969కే ఇచ్చారు. ఈ ఊరి బేస్‌బాల్ చరిత్రలో ఓనర్లను లొంగదీసింది అభిమానుల ప్రేమ కాదు, చట్టం భయం.

కొత్త జట్టు రాయల్స్. రాజుల పేరులా వినిపిస్తుంది గానీ, 1899 నుంచి ఊళ్లో జరిగే 'అమెరికన్ రాయల్' పశువుల ప్రదర్శన నుంచి తీసుకున్నారు. ఓనరు యూయింగ్ కాఫ్‌మన్. 1950లో ఇంటి బేస్‌మెంట్‌లో మందుల కంపెనీ మొదలుపెట్టి పైకొచ్చినవాడు. బేస్‌బాల్ పిచ్చి ఉన్నవాడేం కాదు. అందుకేనేమో బేస్‌బాల్ వాళ్లకు తట్టని ఆలోచన ఆయనకు తట్టింది. బేస్‌బాల్ ఆడకపోయినా పరుగు వేగం, చూపు, చురుకుదనం ఉన్న కుర్రాళ్లను వెతికి ఆట నేర్పితే? 1970లో ఫ్లోరిడాలోని సారసోటాలో అకాడమీ పెట్టాడు. దేశమంతా వేలమందిని పరీక్షించి కొన్ని పదులమందిని తీసుకున్నారు. ఖర్చు దండగని సొంత జట్టు ఆఫీసులోనే కొందరు గొణిగారు. 1974లో మూసేశారు.

ఆ అకాడమీ నుంచి ఫ్రాంక్ వైట్ వచ్చాడు. మునిసిపల్ స్టేడియం చుట్టుపక్కలే పెరిగిన నల్లజాతి కుర్రాడు. అతను చదివిన హైస్కూల్లో బేస్‌బాల్ జట్టే లేదు. కొత్త రాయల్స్ స్టేడియం కడుతుంటే కూలి పనికి కూడా వెళ్లాడు. 1973లో స్టేడియం తెరుచుకుంది, అదే ఏడాది అతను అందులో ఆటగాడిగా దిగాడు. 18 సీజన్లు ఆడి, ఫీల్డింగ్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ ఎనిమిదిసార్లు తీసుకున్నాడు. ఒక్క వైట్‌ని ఇచ్చినందుకైనా ఆ అకాడమీని దండగ అనకూడదు.

1976, 77, 78లో రాయల్స్ వరసగా తన డివిజన్ (లీగ్‌లోని ఒక విభాగం) గెలిచి, లీగ్ ఫైనల్ సిరీస్‌లో వరసగా మూడుసార్లూ యాంకీస్ చేతిలోనే ఓడింది. బ్లూస్, అథ్లెటిక్స్ రోజులు చూసినవాళ్లకు అది ఎంత కాలిందో చెప్పనక్కర్లేదు. 1980లో లెక్క తీరింది. ఆ ఏడాది రాయల్స్ బ్యాటర్ జార్జ్ బ్రెట్ సగటు 0.390. పదిసార్లు దిగి మూడు హిట్లు కొట్టేవాణ్ని గొప్ప బ్యాటర్ అనే ఆటలో అతను నాలుగు అంచుదాకా వెళ్లాడు. యాంకీ స్టేడియంలోనే యాంకీస్ పిచర్ గూస్ గాసెజ్ బంతిని బ్రెట్ పై అంతస్తులోకి కొట్టడంతో మూడు ఆటల్లో సిరీస్ ముగిసింది. వరల్డ్ సిరీస్‌లో మాత్రం ఫిలడెల్ఫియా చేతిలో ఓడారు. 1985లో అదే రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ మీద 3-1 వెనకబడి కూడా కప్పు గెలిచారు. ఆరో ఆట ఆఖరి ఇన్నింగ్స్‌లో అంపైర్ డాన్ డెంకింగర్, ఔటైన రన్నర్‌ను సేఫ్ అన్నాడు. సెయింట్ లూయిస్ వాళ్లు ఇప్పటికీ ఆ ఒక్క నిర్ణయం గురించే మాట్లాడతారు. ఏడో ఆటను రాయల్స్ 11-0తో గెలిచిందని కూడా వాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

కాఫ్‌మన్ అసలు గొప్పతనం కప్పులో లేదు. 1993లో చనిపోయేముందు ఆయనకొక టెన్షన్ ఉండేది: తన తర్వాత జట్టును ఎవరో కొనుక్కుని ఊరు దాటిస్తారని. అందుకే జట్టును నగరంలోని ఒక దాతృత్వ సంస్థకు రాసిచ్చే ఏర్పాటు చేశాడు. ఊళ్లోనే ఉంచే మనిషికే అమ్మాలి, వచ్చిన డబ్బు స్థానిక సేవా సంస్థలకు పోవాలి. పన్నుల శాఖ అనుమతీ లీగ్ అనుమతీ తెచ్చుకుని దాన్ని నిజం చేశారు. అమెరికన్ క్రీడల్లో ఇలాంటి వీలునామా అరుదు. 2000లో వాల్‌మార్ట్ పెద్దగా పనిచేసిన డేవిడ్ గ్లాస్ 9.6 కోట్ల డాలర్లకు కొన్నాడు. జట్టు ఊళ్లోనే ఉంది.

ఉండటం వేరు, గెలవడం వేరు. 2002 నుంచి 2006 మధ్య ఐదేళ్లలో నాలుగు సీజన్లలో వందా అంతకన్నా ఎక్కువ ఓటములు. 29 ఏళ్లు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. 2014 సెప్టెంబరు 30న ఆ కరువు తీరేవేళ ఎదురుగా వచ్చింది ఎవరో కాదు, ఓక్లాండ్ అథ్లెటిక్స్. ఈ ఊరు వదిలి వెళ్లిన జట్టు. ఎనిమిదో ఇన్నింగ్స్‌కి రాయల్స్ 7-3 వెనక. ఆ రాత్రి ఏడు బేస్‌లు దొంగిలించి (అంటే బంతి కొట్టకముందే తర్వాతి బేస్‌కి పరుగెత్తి), స్కోరు సమం చేసి, మళ్లీ వెనకబడి, 12వ ఇన్నింగ్స్‌లో సాల్వడార్ పెరెజ్ హిట్‌తో 9-8 గెలిచారు. 1967 గుర్తున్న ముసలివాళ్లకు ఆ గెలుపు రుచి వేరుగా ఉండి ఉంటుంది. ఆ ఏడాది కప్పు ఏడో ఆటలో చేజారింది. 2015లో న్యూయార్క్ మెట్స్‌ని ఓడించి తెచ్చుకున్నారు. ఊరేగింపుకు వచ్చిన జనం 8 లక్షలని అంచనా. అప్పటికి నగర జనాభా అయిదు లక్షలు కూడా లేదు.

మోనార్క్స్‌కి దక్కాల్సింది నెమ్మదిగా దక్కింది. 1990లో 18వ వీధి, వైన్ దగ్గర నీగ్రో లీగ్స్ మ్యూజియం మొదలైంది, దానికి గొంతు బక్ ఓనీల్. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్ (ఆట దిగ్గజాలకిచ్చే శాశ్వత గౌరవం) కమిటీ నీగ్రో లీగుల వాళ్లు 17 మందిని ఎంచుకుని ఆయన్ను వదిలేసింది. వాళ్లను సన్మానించే సభకు వెళ్లి వాళ్ల తరఫున మాట్లాడి వచ్చి, అక్టోబరులో ఆయన చనిపోయాడు. 2021 డిసెంబరులో ఆయన్నూ ఎన్నుకున్నారు, పదిహేనేళ్లు ఆలస్యంగా. 2020లో నీగ్రో లీగులకు మేజర్ లీగ్ హోదా ఇస్తున్నట్టు ప్రకటించారు, 2024లో వాటి గణాంకాలను అధికారిక రికార్డుల్లో కలిపారు. హోదా ఇచ్చామనడం కన్నా, లాక్కున్నదాన్ని తిరిగిచ్చామనడం సరైన మాట.

2019లో స్థానిక వ్యాపారి జాన్ షెర్మన్ బృందం జట్టును వంద కోట్ల డాలర్లకు కొంది. 9.6 కోట్లు ఇరవై ఏళ్లలో వంద కోట్లయ్యాయి. కొత్త ఓనర్లు డౌన్‌టౌన్‌లో, చిన్న దుకాణాలూ స్టూడియోలూ ఉన్న క్రాస్‌రోడ్స్ ప్రాంతంలో కొత్త స్టేడియం కడతామన్నారు. అందుకు ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుతో కలిపి, డాలరుకు సెంటులో ఎనిమిదింట మూడు వంతుల అమ్మకం పన్నును 40 ఏళ్లు కొనసాగించాలని జాక్సన్ కౌంటీని అడిగారు. ఆ సమయంలో కౌంటీ అధిపతి ఫ్రాంక్ వైట్, ఆ అకాడమీ కుర్రాడే. తన చేతులతో కట్టిన, తాను ఆడిన స్టేడియాన్ని వదిలేసి జనం డబ్బుతో ఇంకోటి కట్టే ఈ ప్రతిపాదన కౌంటీకి లాభం కాదని, దాన్ని బ్యాలెట్‌కి పంపే తీర్మానాన్ని వీటో చేశాడు. కౌంటీ శాసనసభ్యులు ఆ వీటోను పక్కనపెట్టి ఓటింగ్ పెట్టారు. 2024 ఏప్రిల్ 2న 58 శాతం మంది వద్దన్నారు. 1967లో ఇదే కౌంటీ ఓటర్లు స్టేడియం కోసం సరేనన్న నాలుగు నెలలకే జట్టు వెళ్లిపోయింది. ఈసారి ఓటర్లే వద్దన్నారు. కాఫ్‌మన్ పేరున్న స్టేడియంలో రాయల్స్ లీజు 2031 మొదట్లో ముగుస్తుంది.